పాయింట్లు లేని కొత్త డిస్ట్రిబ్యూటర్: పాత కారుకి ఇంట్లోనే బిగించి, మూడు నెలలు నడిపాక

ముందే చెప్పేస్తాను, కొనొచ్చు. డిస్ట్రిబ్యూటర్ అంటే ఒక్కో సిలిండర్ ప్లగ్గుకి సరైన వేళకి స్పార్క్ పంచే ముక్క. షాఫ్ట్ బాగుంది, పికప్ బాగుంది, మూడు నెలలుగా బండి రోజూ ఒక్క సెల్ఫ్‌కే లేస్తోంది. కానీ పెట్టెలోంచి తీసి అలాగే ఇంజన్‌లోకి దింపేస్తే మాత్రం ఇబ్బంది పడతారు, ఎందుకంటే దాంతో వచ్చిన మూత నాసిరకం, అడ్వాన్స్ (వేగం పెరిగే కొద్దీ స్పార్క్ ముందుకి జరగడం) ఎక్కువ, ఇక బిగించే పద్ధతి రాసిన కాగితం అయితే రెండు చోట్ల నన్ను తప్పుదారి పట్టించింది. అమ్మేవాళ్లు "పాతది తీసి ఇది పెట్టేయండి, అంతే" అంటారు. అంతే కాదు. ఎక్కడెక్కడ కాదో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నా. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటివి చాలా పేర్లతో వస్తుంటాయి, పేరు కన్నా చేతిలోకి వచ్చిన ముక్కలో ఏం చూసుకోవాలన్నదే మీకు పనికొస్తుంది.

నాది నాలుగు సిలిండర్ల కార్బరేటర్ బండి, పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి, కట్ చేసే చిన్న స్విచ్), కండెన్సర్ ఉన్న పాత పద్ధతి. ఆరు నెలలుగా ఐడిలింగ్‌లో వణుకు, మూడో గేరులో నెమ్మదిగా వెళ్తుంటే మిస్సింగ్, రేస్ ఇస్తే కాసేపు బాగుండటం, మళ్లీ అదే. పాయింట్లు మార్చా, కండెన్సర్ మార్చా, ప్లగ్గులు, ప్లగ్ వైర్లు మార్చా, కార్బరేటర్ విప్పి కడిగా. పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకు పెట్టి మూత మూసేవాణ్ని, మర్నాడు కొలిస్తే ఇంకోలా ఉండేది. ఒక రోజు విసుగొచ్చి మూత తీసి, రోటర్ కింద షాఫ్ట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి ఊపి చూస్తే కదిలింది. పైకీ కిందకీ కాదు, పక్కకి. షాఫ్ట్‌ని పట్టి ఉంచే లోపలి బుష్‌లు అరిగిపోయాయన్నమాట. షాఫ్ట్ పక్కకి ఊగుతుంటే దాని మీదున్న క్యామ్ పాయింట్లను ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ తెరుస్తుంది, గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ వచ్చే వేళ కూడా మారుతుంది, ఇక ఎన్ని కొత్త పాయింట్లు వేసినా అంతే. టైమింగ్ లైట్ (స్పార్క్ వచ్చిన ప్రతిసారీ మెరిసే లైటు) పెట్టి చూశాక అనుమానం తీరిపోయింది, పుల్లీ మీద గుర్తు ఒక చోట నిలబడకుండా నాలుగైదు డిగ్రీల మేర ఎగిరెగిరి పడుతోంది.

ఈ పరీక్ష మీరూ ముందు చేసుకోండి. షాఫ్ట్ గట్టిగా ఉంటే మొత్తం డిస్ట్రిబ్యూటర్ మార్చక్కర్లేదు, పాత దాంట్లోనే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుకుంటే చాలు, పని తక్కువ. షాఫ్ట్ ఊగుతుంటే మాత్రం ఆ కిట్ కూడా పూర్తిగా ఆదుకోదు.

కొత్త దాంట్లో పాయింట్ల బదులు అయస్కాంతపు పికప్ ఉంటుంది. షాఫ్ట్ మీద నాలుగు పళ్ల చక్రం, దాన్నే రిలక్టర్ అంటారు, పక్కన చిన్న కాయిల్. పన్ను ఎదురుగా వచ్చి దాటుతున్నప్పుడు పుట్టే సిగ్నల్‌తో మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ ముక్క ఇగ్నిషన్ కాయిల్ కరెంటుని కట్ చేస్తుంది, ఆ క్షణంలో కాయిల్ నుంచి వేల వోల్టులు వచ్చి రోటర్ మీదుగా ప్లగ్గుకి పోతాయి. మిగతాదంతా పాత కథే. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు, తిరిగే రోటర్ అనే ఈ పద్ధతిని చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్ల కోసం తయారుచేశారు, ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు పెట్రోల్ బళ్లన్నీ దాదాపు ఇలాగే నడిచాయి. అంత కాలం నిలిచిన యంత్రాన్ని నా చేత్తో విప్పి, అందులో బరువులు, స్ప్రింగులు వేగాన్ని బట్టి టైమింగ్‌ని తమంతట తామే ముందుకి జరపడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక పెట్టె విషయానికొస్తే, అందులో వచ్చినవి: అల్యూమినియం బాడీ, లోపలే మాడ్యూల్, ఇంజన్ పీల్పుని బట్టి టైమింగ్ జరిపే వ్యాక్యూమ్ డబ్బా, మూత, రోటర్, ఒక ఓ-రింగ్, ఎరుపు నలుపు రెండు వైర్లు, ఒక్క పేజీ కాగితం.

దాన్ని వెంటనే బండి దగ్గరికి తీసుకెళ్లకుండా బల్ల మీద పాత దాని పక్కన పెట్టి ఒక గంట చూశా. ఆ గంటే నన్ను కాపాడింది. ముందు గేరు. పళ్లు లెక్కపెట్టా, రెండిటికీ 13. పళ్ల వాలు ఒకే వైపుకి ఉంది, బాడీ కూర్చునే అంచు నుంచి గేరు అడుగు దాకా పొడవు స్కేలుతో కొలిస్తే రెండిటికీ తేడా లేదు. గేరు ఏ లోహంతో చేశారో కూడా అడిగి తెలుసుకోండి, అది మీ క్యామ్‌షాఫ్ట్ లోహంతో కుదరకపోతే రెండిట్లో ఒకటి తొందరగా అరిగిపోతుంది, అరిగింది క్యామ్‌షాఫ్ట్ అయితే ఇంజన్ విప్పాల్సిందే. నాది పోత ఇనుము క్యామ్, గేరు కూడా అదే. షాఫ్ట్‌ని పట్టుకుని పక్కకి ఊపితే ఇసుమంత కూడా కదల్లేదు. తిప్పితే మెత్తగా, ఎక్కడా పట్టేయకుండా తిరిగింది. ఇంత చక్కగా చేసినందుకు వాళ్లని మెచ్చుకోవాల్సిందే, మనం డబ్బు పెట్టేది ముఖ్యంగా దీనికే.

వ్యాక్యూమ్ డబ్బాకి చిన్న గొట్టం తగిలించి నోటితో గాలి పీల్చా, లోపల పికప్ ప్లేటు జరిగింది, నాలుక అడ్డం పెట్టి ఉంచితే అలాగే నిలబడింది. అంటే డయాఫ్రమ్‌కి చిల్లు లేదు. రోటర్ పట్టుకుని మెలితిప్పి వదిలితే స్ప్రింగు దాన్ని టక్కున వెనక్కి లాగింది. రెండు స్ప్రింగుల్లో ఒకటి సన్నం, ఒకటి లావు, చూసి భయపడకండి, అది తేడా ముక్క కాదు, చాలావాటిలో కావాలనే అలా పెడతారు.

మూత దగ్గరే మనసు విరిగింది. మూత మధ్యలో రోటర్‌ని తాకే చిన్న కార్బన్ ముక్క ఉంటుంది, వెనకాల స్ప్రింగు ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ బయటికి రావాలి. ఇది నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. పిన్నుతో లాగితే వచ్చింది, మళ్లీ నొక్కితే మళ్లీ ఇరుక్కుంది. అలాగే బిగించి ఉంటే రోటర్‌కీ కార్బన్‌కీ మధ్య ఖాళీ ఉండిపోయి స్పార్క్ ఆ ఖాళీ దాటడానికే సగం బలం పోగొట్టుకునేది, కొన్నాళ్లకి మూత లోపల కాలిపోయేది. పైగా లోపలి టెర్మినల్స్ అల్యూమినియంవి, నా పాత మూతలో ఇత్తడివి. రోటర్ కూడా షాఫ్ట్ మీద బిగుతుగా కూర్చోలేదు, వేలితో అటూ ఇటూ తిప్పితే కొద్దిగా ఆడింది. షాఫ్ట్ అంత జాగ్రత్తగా చేసినవాళ్లు ఈ చిన్న ముక్కల దగ్గర ఎందుకు కక్కుర్తి పడ్డారో నాకు అర్థం కాలేదు. నా పాత మూత కొలతే దీనికీ సరిపోయింది కాబట్టి, ఇత్తడి టెర్మినల్స్ ఉన్న మంచి మూత, రోటర్ విడిగా కొనుక్కున్నా. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు పాతది తీయడం. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేశా. ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, ప్లగ్ వైర్లకి టేపు చుట్టి నంబర్లు వేశా. ఒకటో సిలిండర్ ప్లగ్ విప్పి, ఆ కన్నం మీద బొటనవేలు పెట్టి, తమ్ముడిని పుల్లీ బోల్టు మీద పానా వేసి ఇంజన్‌ని మెల్లగా తిప్పమన్నా. వేలిని గాలి బయటికి తోస్తుంటే అది కంప్రెషన్ స్ట్రోక్. ఈ ఒక్క పని వదిలేసి పుల్లీ గుర్తు మాత్రమే చూసుకుంటే మోసపోతారు, ఎందుకంటే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది, పుల్లీ గుర్తు రెండు సార్లు ఒకే చోటికి వస్తుంది, అందులో ఒకటి తప్పు. తప్పు దాంట్లో బిగిస్తే బండి స్టార్ట్ అవదు, కార్బరేటర్‌లోంచి మంట వెనక్కి కొడుతుంది.

పుల్లీ గుర్తుని సున్నా దగ్గర ఆపలేదు, పిస్టన్ పైకి చేరడానికి 8 డిగ్రీల ముందు ఆపా. నా బండికి స్పార్క్ రావాల్సింది అక్కడే కాబట్టి, ఇంజన్ అక్కడుంటే కొత్త దాంట్లో రిలక్టర్ పన్ను, పికప్ పన్ను ఎదురెదురుగా వచ్చేలా బాడీని తిప్పి పెట్టుకుంటే చాలు, మొదటి సెల్ఫ్‌కే లేచేంత దగ్గరగా టైమింగ్ ఉంటుంది. అక్కణ్నించి కొత్తది దిగేదాకా ఇంజన్‌ని ఎవరూ కదపకూడదు. బండి గేరులో ఉంచి వెనక్కి తోసినా క్రాంక్ తిరుగుతుంది, అందుకే న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు.

ఇక్కడే ఆ కాగితం చేసిన మొదటి తప్పు. "రోటర్ చూస్తున్న వైపు డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద గుర్తు పెట్టుకోండి" అని రాశారు. పాత బాడీ మీద పెట్టిన గుర్తు పాత బాడీతో పాటే బయటికి పోతుంది కదా, కొత్త దానికి అదెలా పనికొస్తుంది? బయటికి తీసిన దాన్నే మళ్లీ పెట్టేటప్పుడు అది సరిపోతుంది, మార్చేటప్పుడు కాదు. గుర్తు ఇంజన్ మీద పెట్టుకోవాలి. నేను రోటర్ మొన ఎటు చూస్తోందో దానికి ఎదురుగా ఇంజన్ మీద తెల్ల పెయింటుతో ఒక గీత గీశా, వ్యాక్యూమ్ డబ్బా ఎటు ఉందో ఇంకో గీత.

క్లాంప్ బోల్టు తేలిగ్గానే వచ్చింది, బాడీ మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండి పట్టేసింది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున చేత్తో కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటే కరకరమని కదిలింది. మెడ దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు, అల్యూమినియం విరిగి ముక్క లోపల పడితే పని పదింతలవుతుంది. నేను పైకి లాగుతుంటే తమ్ముడు లైటు పట్టుకుని చూస్తున్నాడు. "అన్నయ్యా, రోటర్ తిరిగిపోతోంది, ఏమన్నా విరిగిందా?" అన్నాడు కంగారుగా. విరగలేదు. గేరు పళ్లు వాలుగా ఉంటాయి కాబట్టి షాఫ్ట్ పైకి వస్తున్న కొద్దీ మర తిరిగినట్టు తిరుగుతుంది. పూర్తిగా బయటికి వచ్చే క్షణానికి రోటర్ ఎటు చూస్తోందో అక్కడ ఇంజన్ మీద రోటర్‌కి రెండో గీత గీయించా. నాకు మొదటి గీతకీ దీనికీ మధ్య దాదాపు 30 డిగ్రీలు వచ్చింది. కొత్తది దింపేటప్పుడు మొదలుపెట్టాల్సింది ఈ రెండో గీత దగ్గర, దిగుతూ దిగుతూ అదే తిరిగి మొదటి గీత దగ్గరికి వచ్చి ఆగాలి. కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు, మొదటిసారి చేసేవాడికి ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన విషయం.

ఓ-రింగ్‌కి, గేరుకి ఇంజన్ ఆయిల్ రాసి కొత్తది దింపా. ఐదారు మిల్లీమీటర్లు ఉందనగా ఆగిపోయింది. చాలా ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అడుగు భాగమే ఆయిల్ పంపుని కూడా తిప్పుతుంది, ఆ చివర నాలుక పంపు గాడిలో కూర్చుంటేనే బాడీ పూర్తిగా దిగుతుంది. క్లాంప్ బోల్టు బిగిస్తూ దాన్ని కిందకి లాగాలని చూడొద్దు, సుత్తి అసలే వద్దు. బయటికి తీసి, కన్నంలోకి పొడుగు స్క్రూడ్రైవర్ దింపి, టార్చ్ లైటుతో చూస్తూ గాడిని కొద్దిగా తిప్పి మళ్లీ దింపా. మూడో ప్రయత్నానికి "టక్" మని కూర్చుంది.

కూర్చుంది కానీ, ఒక పన్ను పక్కన కూర్చుంది. రోటర్ దాదాపు సరైన వైపే ఉన్నట్టుంది, రిలక్టర్, పికప్ పళ్లు ఎదురెదురుగా తెద్దామని బాడీని తిప్పబోతే వ్యాక్యూమ్ డబ్బా వెళ్లి ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌కి ఆనుకుంది, ఇంక తిరిగే చోటు లేదు. 13 పళ్ల గేరు అంటే ఒక పన్ను తేడాకి రోటర్ 28 డిగ్రీల దగ్గర తప్పుతుంది, క్రాంక్ లెక్కలో దానికి రెట్టింపు, 55 డిగ్రీల పైనే. డబ్బాకి అటూ ఇటూ తిరగడానికి సమానంగా చోటు లేకపోతే పన్ను తప్పిందనే అనుమానించండి, వైర్లు ఒక్కో గడి జరిపి సర్దుకుందామని చూడకండి. మళ్లీ తీసి ఒక పన్ను వెనక నుంచి మొదలుపెడితే రోటర్ తిన్నగా మొదటి గీత మీదకి వచ్చి ఆగింది. తెల్ల గీతకి ఎదురుగా రోటర్ మొన వెంట్రుక వాసి తేడా లేకుండా నిలబడటం చూసి ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

వైర్లు 1-3-4-2 వరసలో, రోటర్ తిరిగే దిక్కుగా పెట్టా. మీ ఇంజన్‌కి వరస వేరే ఉండొచ్చు, మీ బండి మాన్యువల్ చూసుకోండి. ప్లగ్ వైర్లు రెసిస్టెన్స్ ఉన్నవే వాడండి, ఉత్త రాగి తీగ వైర్లు వాడితే రేడియోలో గొరగొర రావడమే కాదు, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కూడా తడబడొచ్చు.

కాగితం చేసిన రెండో తప్పు దగ్గరికొచ్చాం. ఎరుపు వైరు కాయిల్ ప్లస్‌కి, నలుపు మైనస్‌కి అని రాశారు, అలాగే పెట్టా. సెల్ఫ్ కొడితే ఇంజన్ వెంటనే అందుకుంది, తాళం వదలగానే చచ్చిపోయింది. మళ్లీ కొట్టా, మళ్లీ అదే. లేస్తుంది, తాళం వదిలితే ఆగిపోతుంది. అరగంట బుర్ర బద్దలు కొట్టుకున్నాక వెలిగింది, నా బండిలో కాయిల్‌కి ముందు బల్లాస్ట్ రెసిస్టర్ ఉంది. పాయింట్లు తొందరగా కాలిపోకుండా, ఇంజన్ నడుస్తున్నప్పుడు అది కాయిల్‌కి వోల్టేజీ తగ్గించి ఇస్తుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం దాన్ని తప్పించి బ్యాటరీ నుంచి పూర్తిగా ఇస్తుంది. అంటే తాళం తిప్పి పట్టుకున్నంతసేపు మాడ్యూల్‌కి చాలినంత కరెంటు, వదలగానే చాలనంత. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇగ్నిషన్ ఆన్‌లో కాయిల్ ప్లస్ దగ్గర 7 వోల్టులే చూపించింది. ఎరుపు వైరుని రెసిస్టర్‌కి ముందు, ఇగ్నిషన్ స్విచ్ నుంచి నేరుగా 12 వోల్టులు వచ్చే చోటికి మార్చా, కాయిల్‌ని మాత్రం పాతలాగే రెసిస్టర్ వెనక ఉంచా. ఈసారి లేచింది, తాళం వదిలినా ఆగలేదు.

మీరు కొనేముందు మీ కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ ఒకసారి కొలవండి. 3 ఓమ్‌ల దగ్గర ఉంటే సాధారణంగా బల్లాస్ట్ లేకుండా వాడే కాయిల్, 1.5 దగ్గర ఉంటే బల్లాస్ట్‌తో వాడేది. మాడ్యూల్ ఎంత తక్కువ రెసిస్టెన్స్ ఉన్న కాయిల్‌ని తట్టుకుంటుందో అమ్మేవాళ్లని అడిగి తెలుసుకోండి, అంతకన్నా తక్కువది పెడితే మాడ్యూల్ వేడెక్కి పోతుంది. ఎరుపు, నలుపు తారుమారు చేస్తే కూడా చాలా మాడ్యూళ్లు ఒక్క క్షణంలో పోతాయి. ఇంజన్ ఆపి ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసి పాటలు వినడం లాంటివి కూడా మానుకోండి.

టైమింగ్ లైటుతో సెట్ చేయడం పెద్ద పనేం కాదు. వ్యాక్యూమ్ పైపు పీకి దాని మూతి మూసి, ఐడిలింగ్ నిమిషానికి 800 చుట్ల దగ్గర ఉంచి, బాడీని కొద్దికొద్దిగా తిప్పుతూ గుర్తుని 8 డిగ్రీల మీదకి తెచ్చి బోల్టు బిగించా, బిగించాక మళ్లీ చూశా, బిగిస్తుంటే జరుగుతుంది కాబట్టి. రోటర్ తిరిగే దిక్కుకి ఎదురుగా బాడీని తిప్పితే అడ్వాన్స్, అదే దిక్కుకి తిప్పితే రిటార్డ్. ఒక్క జాగ్రత్త, ఇది ప్రాణానికి సంబంధించింది: ఆ లైటు వెలుగులో తిరుగుతున్న ఫ్యాను కూడా ఆగిపోయినట్టో, మెల్లగా తిరుగుతున్నట్టో కనిపించొచ్చు. పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు, వేలాడే లైటు వైరు ఏవీ అటు పోనివ్వకండి. మూత మీద చెయ్యి వేసి ఊరికే కదపకండి కూడా, అక్కడ ఉండేవి వేల వోల్టులు.

ఆ లైటు వెలుగులో పుల్లీ గుర్తు కదలకుండా నిలబడి ఉంది. ఇంతకుముందు నాలుగైదు డిగ్రీలు గంతులేసిన గుర్తు ఇప్పుడు గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది. తమ్ముడిని కూడా పిలిచి చూపించా. ఐడిలింగ్‌లో వణుకు పోయింది, బానెట్ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు కూడా పెద్దగా కదల్లేదు.

రెండో రోజు ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్‌లోంచి గోళీలు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడు. నాకింగ్. వేసుకున్న పెట్రోల్ ఎప్పటిదే, ఐడిలింగ్ టైమింగ్ చూస్తే 8 దగ్గరే ఉంది. మరి ఏంటా అని వ్యాక్యూమ్ పైపు మూసి, రేస్ ఇచ్చి 3500 దగ్గర టైమింగ్ చూశా, 38 డిగ్రీలు! పాతది తీయకముందు అదే పద్ధతిలో చూసి పుస్తకంలో రాసుకున్నది 32. అంటే ఐడిలింగ్‌లో రెండూ ఒకటే అయినా, వేగం పెరిగే కొద్దీ కొత్త దాని బరువులు టైమింగ్‌ని ఆరు డిగ్రీలు ఎక్కువ ముందుకి తోస్తున్నాయి. ఈ తేడా ఐడిలింగ్‌లో ఎంత చూసినా తెలీదు. అందుకే పాతది తీసేముందే వేగంగా తిప్పినప్పుడు టైమింగ్ ఎంత వస్తోందో తప్పకుండా రాసి పెట్టుకోండి, పోల్చుకోవడానికి ఇంకో దారి ఉండదు. నాకింగ్‌ని "పాత బండి కదా, మామూలే" అని వదిలేయకండి, ఎక్కువ కాలం అలాగే నడిపితే పిస్టన్ దెబ్బతింటుంది.

అమ్మినవాళ్లకి రాశా. మూత మార్చి పంపుతామన్నారు, మాట ప్రకారం పంపారు, పంపిన దాంట్లో కార్బన్ ముక్క సరిగ్గానే కదిలింది, అది ఒప్పుకోవాలి. అడ్వాన్స్ సంగతి ఎత్తితే మాత్రం "అన్ని ఇంజన్లకీ సరిపోయేలా చేశాం" అన్నారు. అన్ని ఇంజన్లకీ సరిపోయే అడ్వాన్స్ అంటూ ఏదీ ఉండదు, ఒక్కో ఇంజన్‌కి కంప్రెషన్ వేరు, లోపలి ఆకారం వేరు. ఆ మాట పెట్టె మీదే రాసి ఉంటే నేను ముందే చూసుకునేవాణ్ని.

తేలిక దారి ఏంటంటే, మొదటి టైమింగ్‌ని 8 నుంచి 2కి తగ్గిస్తే పైన కూడా 32 అవుతుంది. చేసి చూశా, నాకింగ్ పోయింది కానీ బండి మొదటి గేరులో కదలడానికి బద్ధకించింది, అలా నడపడం నాకు నచ్చలేదు. సరైన దారి బరువులు తెరుచుకునే దూరాన్ని తగ్గించడం. ప్లేటు మీద బరువుల్ని ఆపే చిన్న పిన్ను, దానికి ఒక గాడి ఉంటాయి. ఆ పిన్నుకి సన్నని ఇత్తడి గొట్టం ముక్క తొడిగా, పిన్ను లావైతే గాడిలో తిరిగే దూరం తగ్గుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో ఒక డిగ్రీ తగ్గితే క్రాంక్ దగ్గర రెండు తగ్గుతాయి కాబట్టి చాలా కొంచెం తేడా చాలు. మొదటి తొడుగు మరీ మందమై 29కి పడిపోయింది, రెండోది సన్నగా అరగదీసి తొడిగితే 33 వచ్చింది, ఐడిలింగ్‌లో 8 అలాగే ఉంది. అప్పట్నుంచి అదే ఎత్తు, అదే మూడో గేరు, చప్పుడు లేదు. ఈ పని చేయడానికి ఓపిక లేకపోతే, మీ ఇంజన్‌కి తగ్గ అడ్వాన్స్ ఎంతో చెప్పి మరీ అమ్మేవాళ్ల దగ్గరే కొనండి, కొంచెం ఎక్కువైనా పర్లేదు.

మూడు నెలల్లో ఒక్కసారి కూడా మూత తీసి గ్యాప్ సర్దాల్సిన అవసరం రాలేదు. చల్లని పొద్దున చోక్ వేసి ఒక్క సెల్ఫ్. బాగా వేడిగా ఉన్నప్పుడు ఆపి పది నిమిషాల్లో మళ్లీ స్టార్ట్ చేసినా లేస్తోంది, ఇది నేను పనిగట్టుకుని చాలాసార్లు చూశా, ఎందుకంటే పికప్ కాయిల్‌లో లోపం ఉంటే అది సాధారణంగా వేడి మీదే బయటపడుతుంది, బండి ఆగిపోయి చల్లారాక ఏమీ ఎరగనట్టు లేస్తుంది. మాడ్యూల్ కింద వేడి లాగే తెల్ల పేస్టు ఉందో లేదో కూడా విప్పి చూశా, పల్చగా ఉంది, ఇంకొంచెం రాసి బిగించా. మైలేజీ ఎంత పెరిగిందని అడిగితే చెప్పలేను, నేను సరిగ్గా కొలవలేదు. మిస్సింగ్ పోయింది, మూడో గేరులో నెమ్మదిగా వెళ్తున్నా గుంజడం లేదు, నాకు కావాల్సింది అదే.

ఒక్క విషయంలో మాత్రం పాత పద్ధతే మేలు. పాయింట్లు పాడవుతుంటే ముందే చెప్తాయి, దారిలో ఆగినా గీకి శుభ్రం చేసి ఇంటికి చేరుకోవచ్చు. మాడ్యూల్ పోతే ఉన్నట్టుండి పోతుంది, రోడ్డు పక్కన చేసేదేమీ ఉండదు. అందుకే పాత డిస్ట్రిబ్యూటర్ పారేయలేదు. మొన్న దాన్ని విప్పి చూస్తే పై బుష్ ఒక పక్కకి అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది, కింది బుష్ బాగానే ఉంది. కొత్త ఇత్తడి బుష్ లేత్ మీద చేయించడానికి ఇచ్చా. అది రాగానే వేసి, గ్యాప్ 0.4కి సర్ది, మూత మూసి, గుడ్డలో చుట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టేస్తా. ఇంజన్ మీద గీసిన ఆ తెల్ల గీతలు కూడా తుడవలేదు.